ఏ తీగ ఏ స్విచ్చుది?

బిట్రగుంటలో పట్టాల మీద వేలాడే కరెంటు తీగకీ మీ జేబులోని సెల్‌ఫోనుకీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండుచోట్లా కరెంటు కన్నా ముందు ఉండాల్సింది ఒకటుంది... ఏది దేని కింద ఉందో చెప్పే రాత!

మధ్యాహ్నం పూట మెమూ రైలెక్కి విజయవాడ–గూడూరు దారిలో వెళ్తున్నారనుకోండి. ఒంగోలు దాటింది, సింగరాయకొండ దాటింది, పెట్టెలో సగంమంది కునికిపాట్లు పడుతున్నారు. ఉన్నట్టుండి తలమీద ఫ్యాన్లు నెమ్మదిస్తాయి. దీపాలు పోతాయి. ఒకటో రెండో మాత్రం బ్యాటరీ మీద వెలుగుతుంటాయి. కింద మోటార్ల హోరు ఆగిపోతుంది. రైలు మాత్రం ఆగదు, ఉన్న ఊపు మీద జారిపోతూనే ఉంటుంది. ‘కరెంటు పోయినట్టుంది’ అనుకునేలోగానే ఫ్యాన్లు మళ్లీ తిరుగుతాయి.

నిజానికి ఎక్కడా కరెంటు పోలేదు. రైలు ఒక కరెంటు ఇలాకా పొలిమేర దాటి ఇంకో ఇలాకాలోకి వచ్చింది, అంతే!

అదే పెట్టెలో ఎదురు సీట్లోని కుర్రాడు సెల్‌ఫోన్లో పాట పెట్టుకుని, తెర ఆర్పేసి జేబులో వేసుకున్నాడు. చెవిలో పాట వినిపిస్తూనే ఉంది. ఫోను లోపల మాత్రం కెమెరాని నడిపే భాగానికి కరెంటు లేదు. ఆటల బొమ్మలు గీసే భాగానికి లేదు. తెరని వెలిగించే భాగానికీ లేదు. గోరంత చిప్పులో ఇలాంటి కరెంటు ఇలాకాలు పదుల సంఖ్యలో ఉంటాయి. ఇంజినీర్లు వీటినే ‘పవర్ డొమైన్లు’ అంటారు. వీటిలో ఏది ఎప్పుడు ఆపాలో, ఏది ఎప్పుడు వెలిగించాలో ఫోనుకి ఎవరు చెబుతారు? ఏ స్విచ్చు నొక్కితే ఏ గది చీకటవుతుందో దానికెలా తెలుసు?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. ఇంట్లో మీటరు పక్కనున్న డబ్బా తలుపు తెరిచి చూడండి. వరసగా ఏడెనిమిది ఎంసీబీలు. వాటి పక్కన రాసి ఉండాల్సిన పేర్లు చాలా ఇళ్లలో ఉండవు. ‘వంటింటిది ఏదిరా?’ అంటే ఒక్కొక్కటీ నొక్కి చూడటమే. ఈలోగా టీవీ ఆగిపోతుంది, లోపలి గదిలోంచి కేకలు! ఇంట్లో అయితే కేకలతో పోతుంది. 25 వేల వోల్టుల తీగ దగ్గర అలా కుదరదు.

నివురుగప్పిన ఇంజిన్లు

నెల్లూరు జిల్లాలో కావలికి దక్షిణాన, సముద్రానికి కాస్త ఇవతల ఉండే బిట్రగుంట రైలు వల్ల పెరిగిన ఊరు. కొండ బిట్రగుంట వేంకటేశ్వరస్వామి గుడికి వచ్చే భక్తులకి ఆ ఊరి పేరు ఒకలా తెలిస్తే, రైల్వే కుటుంబాలకి ఇంకోలా తెలుసు. విజయవాడ–మద్రాసు రైలుమార్గం 1899లో కలిసింది. ఆవిరి ఇంజిన్ల కాలంలో బిట్రగుంటలో పెద్ద లోకో షెడ్డు, దాని చుట్టూ రైల్వే కాలనీ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. బొగ్గూ నీళ్లూ పట్టుకోవడానికీ, ఇంజిన్లూ సిబ్బందీ మారడానికీ బళ్లు ఇక్కడ ఆగేవి.

ఆ రోజుల్లో కరెంటు ఇలాకాల గొడవే లేదు. ఏ ఇంజిన్ పొయ్యి దానిదే. అయితే ఆ పొయ్యికి ఒక చిక్కుంది. స్విచ్చు నొక్కి ఆర్పలేం, నొక్కి వెలిగించనూ లేం. పూర్తిగా చల్లారిన ఇంజిన్‌కి మళ్లీ ఆవిరి పట్టాలంటే గంటలకి గంటలు పడుతుంది. అందుకని కొద్దిసేపట్లో మళ్లీ బండికి కట్టాల్సిన ఇంజిన్‌ని ఆర్పేవాళ్లు కాదు. నిప్పుని పొయ్యిలో ఒక పక్కకి పోగుచేసి, పైన బొగ్గు కప్పి, గాలి తగలకుండా మూత బిగించేవాళ్లు. అచ్చంగా నివురుగప్పిన నిప్పే! బొగ్గు కొద్దికొద్దిగా ఖర్చవుతుంది కానీ పిలిచిన వెంటనే ఇంజిన్ సిద్ధం. రోజుల తరబడి పని లేకపోతేనో, బాయిలరు కడగాల్సి వస్తేనో మాత్రం నిప్పు మొత్తం దించేసేవాళ్లు.

అంటే షెడ్డులో ప్రతి ఇంజిన్ గురించీ ఒక లెక్క ఉండాలి. మళ్లీ ఎంతసేపటికి కావాలి? ఆర్పితే మిగిలేదెంత? తిరిగి రాజెయ్యడానికి అయ్యేదెంత? ఆదా కన్నా ఖర్చే ఎక్కువైతే ఆర్పకపోవడమే లాభం. ఈ లెక్క కాస్త గుర్తుంచుకోండి. ఫోను దగ్గరకి వెళ్లాక మళ్లీ ఇదే ఎదురవుతుంది.

ఒక్క తీగ కాదు

మనదేశంలో తొలి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడిచింది. అది 1,500 వోల్టుల డీసీ. ఆ తర్వాత 1950లలో ఫ్రెంచి రైల్వేల సలహాతో 25 వేల వోల్టుల ఏసీ పద్ధతికి మారాలని రైల్వేలు నిర్ణయించాయి. ఇప్పటికీ ఇంజిన్‌లోని ప్రధాన సర్క్యూట్ బ్రేకర్‌ని లోకో పైలట్లు ‘డీజే’ అనే అంటారు. అది ‘దిస్జాంక్తర్’ అనే ఫ్రెంచి మాటకి పొట్టిపేరు. ఏ దేశం నుంచి నేర్చుకున్నామో ఆ రెండక్షరాలే చెబుతాయి! విజయవాడ–గూడూరు దారికి 1980ల తొలినాళ్లకి తీగలొచ్చాయి. ఆవిరి ఇంజిన్లు వెళ్లిపోయాక బిట్రగుంట షెడ్డుకి పని లేకుండా పోయింది.

కింద నిలబడి చూస్తే పట్టాలకి దాదాపు ఐదున్నర మీటర్ల ఎత్తులో ఆ తీగ విజయవాడ నుంచి చెన్నై దాకా ఒక్కటే అనిపిస్తుంది. కాదు. ముక్కలు ముక్కలు. రైల్వేవాళ్ల సబ్‌స్టేషన్ ఒకటి నలభై నుంచి అరవై కిలోమీటర్లకి ఉంటుంది. అది రాష్ట్ర గ్రిడ్ నుంచి 132 వేలో 220 వేలో వోల్టుల కరెంటు తీసుకుని 25 వేలకి దించి తీగలోకి వదులుతుంది. గ్రిడ్‌లో వచ్చేవి మూడు ఫేజులు. రైలుకి కావాల్సింది ఒకటే. అన్ని సబ్‌స్టేషన్లూ ఒకే ఫేజు మీద పడితే గ్రిడ్ ఒక పక్కకి ఒరిగిపోతుంది కాబట్టి, పక్కపక్క సబ్‌స్టేషన్లు వేర్వేరు ఫేజుల నుంచి తీసుకుంటాయి. అందువల్ల రెండింటి తీగలూ ఎక్కడా తగలకూడదు. తగిలితే పెద్ద షార్ట్‌సర్క్యూట్.

అందుకే రెండు సబ్‌స్టేషన్ల ఇలాకాలు కలిసేచోట మధ్యలో కొంతమేర కరెంటు లేని తీగ ఉంచుతారు. అదే ‘న్యూట్రల్ సెక్షన్’. దానికి 500 మీటర్ల ముందొక బోర్డు, 250 మీటర్ల ముందొక బోర్డు హెచ్చరిస్తాయి. ఆ తర్వాత డీజే తెరవమని ఒకటి, దాటాక మూయమని ఇంకొకటి. మెమూలో ఫ్యాన్లు ఆగే చోటు ఇదే. ఎప్పుడైనా ఖర్మకాలి రైలు సరిగ్గా ఆ తీగ కిందే నిలిచిపోయిందా... ఇక దానంతట అది కదల్లేదు.

ఒక సబ్‌స్టేషన్ ఇలాకా కూడా అంతా ఒక్కటి కాదు. దాన్ని మళ్లీ పది, పదిహేను కిలోమీటర్ల ముక్కలు చేస్తారు. ఈ ముక్కల స్విచ్చుల్ని దూరాన డివిజన్ కేంద్రంలోని కంట్రోల్ గదిలో కూర్చుని ట్రాక్షన్ పవర్ కంట్రోలర్ ఆపగలరు, వెయ్యగలరు. వాటిని మళ్లీ చిన్నవి చేస్తారు. ఇవి చేత్తో తిప్పే ఐసోలేటర్ల మధ్య ఉండే ముక్కలు. ఇంతకన్నా చిన్నగా విడదీయడానికి వీల్లేని ముక్కని రైల్వేలు ‘ఎలిమెంటరీ సెక్షన్’ అంటాయి, ఒక్కోదానికీ ఒక నంబరు. పెద్దదాంట్లో మధ్యది, మధ్యదాంట్లో చిన్నది. తాత ఇంట్లో కరెంటు ఆగితే మనవడి గదిలోనూ ఆగుతుంది. మనవడి గదిలో ఆపితే తాతకేం కాదు.

బిట్రగుంటలాంటి యార్డులున్న స్టేషన్లలో ఈ విభజన మరీ అవసరం. మెయిన్ లైన్ల తీగ వేరు, లూప్ లైన్ల తీగ వేరు, సైడింగుల తీగ వేరు. ఎక్కడో ఒక సైడింగులో తీగ తెగిందని కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌ని ఆపలేరు కదా!

ఒక కాగితం, రెండు రాడ్లు

ఈ ముక్కలన్నీ, వాటి స్విచ్చులన్నీ, ఏది తెరిస్తే ఏది చీకటవుతుందో అంతా ఒక బొమ్మలో ఉంటుంది. దాని పేరు సెక్షనింగ్ డయాగ్రమ్. పట్టాలు, తీగలు, ఐసోలేటర్లు, నంబర్లు తప్ప అందులో అందమేం లేదు. కానీ తీగ మీద చెయ్యి వేసే ప్రతి మనిషి ప్రాణమూ ఆ బొమ్మ మీద ఆధారపడి ఉంటుంది.

తీగ పని చెయ్యాలంటే ముందు ఎక్కడ నుంచి ఎక్కడ దాకానో స్తంభాల నంబర్లతో సహా చెప్పాలి. ప్రతి స్తంభం మీదా కిలోమీటరు, వరస సంఖ్య రాసి ఉంటాయి. కంట్రోలర్ ఆ బొమ్మ చూసి ఏయే స్విచ్చులు తెరవాలో నిర్ణయిస్తారు. తెరిచాక కరెంటు ఆపినట్టు మాట ఇస్తారు. ఫోన్లో విన్నదీ చెప్పిందీ పొరబడకుండా ఇరువైపులా ‘ప్రైవేట్ నంబర్లు’ మార్చుకుంటారు. అప్పుడు కానీ పని చెయ్యడానికి ‘పర్మిట్’ చేతికి రాదు.

పర్మిట్ వచ్చినా తీగని ముట్టుకోరు! పక్క లైను మీది తీగలో 25 వేల వోల్టులు పారుతూనే ఉంటుంది. దాని ప్రభావానికి, ఈ ఆపేసిన తీగలో కూడా మనిషిని చంపగలిగినంత వోల్టేజీ పుడుతుంది. స్విచ్చు తెరిచే ఉంటుంది, బొమ్మ సరిగ్గానే ఉంటుంది, అయినా తీగ ప్రాణం తీస్తుంది. అందుకే పని జరిగే చోటుకి అటొకటి, ఇటొకటి డిశ్చార్జి రాడ్లు తగిలిస్తారు. దాని ఒక కొసని ముందు నేలకి కలిపి, ఆ తర్వాతే రెండో కొసని తీగకి వెయ్యాలి. తీసేటప్పుడు ముందు తీగ నుంచి, ఆ తర్వాత నేల నుంచి. ఈ వరస తిరగబడితే రాడ్డు పట్టుకున్న చెయ్యే దారి అవుతుంది.

ఊళ్లలో కరెంటు స్తంభమెక్కే లైన్‌మన్‌కి ఇదంతా తెలిసిన కథే. ‘ఎల్సీ’ తీసుకోకుండా స్తంభం ఎక్కకూడదన్నది అతని మొదటి పాఠం. అయినా ఒకే వరస స్తంభాల మీద రెండు ఫీడర్లు వెళ్తున్నచోట, ఒకదానికి ఎల్సీ తీసుకుని ఇంకోదాన్ని ముట్టుకున్న ప్రమాదాల గురించి జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ చదువుతూనే ఉంటాం. కరెంటు ఆపలేదని కాదు... ఆపింది ఇది కాదు!

ఇంకో మెలిక కూడా ఉంది. స్టేషన్లలో సిగ్నల్ దీపాలకి కరెంటు ఈ 25 వేల వోల్టుల తీగ నుంచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా దిగుతుంది. మరి పని కోసం తీగ ఆపితే సిగ్నళ్లు ఆరిపోవా? ఆరిపోకూడదు కాబట్టి, ‘అప్’ తీగ నుంచి ఒక ట్రాన్స్‌ఫార్మరు, ‘డౌన్’ తీగ నుంచి ఒకటి, ఊరి సరఫరా ఒకటి... ఇలా ఏది ఉంటే దాని మీదకి మారే ఏర్పాటు ఉంటుంది. అంటే ఒక సిగ్నల్ దీపం ‘నేను ఫలానావాళ్ల మీద ఆధారపడి ఉన్నాను’ అని రెండు మూడు పేర్లు చెప్పుకోవాలి. ఒక్క పేరే రాసి ఊరుకుంటే ఏదో ఒక రాత్రి సిగ్నల్ కనబడదు.

కారే కుళాయి

ఇప్పుడు ఆ కుర్రాడి జేబులోకి వద్దాం.

చిప్పులో కోట్ల కొద్దీ ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఒక్కోటీ ఒక బుల్లి స్విచ్చు. ఒకప్పుడు పని లేని భాగానికి లోపలి గడియారం టిక్‌టిక్ ఆపేస్తే సరిపోయేది. కదలిక లేకపోతే ఖర్చూ పెద్దగా లేదు. కానీ 2000 దాటాక ట్రాన్సిస్టర్లు మరీ సన్నబడి, కట్టేసిన కుళాయిలోంచి బొట్లు కారినట్టు, ఖాళీగా ఉన్నా కరెంటు కారడం మొదలైంది. ఒక్కోటీ కార్చేది లెక్కలోకి రానంతే. కోట్లతో హెచ్చవేస్తే బ్యాటరీ సాయంత్రానికే ఖాళీ. దీనికి విరుగుడు ఒకటే, వాడని భాగానికి కరెంటే ఇవ్వకపోవడం. అందుకే చిప్పుని గదులుగా విడగొట్టి ఒక్కో గదికీ ఒక స్విచ్చు పెట్టారు.

గదులు చేశాక రైల్వేవాళ్లకి వచ్చిన చిక్కులే వీళ్లకీ వచ్చాయి. ఆరిన గది తీగలు వెలుగుతున్న గదిలోకి తేలుతూ పిచ్చి సంకేతాలు పంపకుండా సరిహద్దులో అడ్డుకట్టలు కట్టాల్సి వచ్చింది. గదిలో గది ఉంటే లోపలిది వెలుగుతుండగా బయటిది ఆపకూడదు. ఒకే గదిలో నలుగురుంటే, నలుగురూ వెళ్లిపోయాకే దీపం ఆర్పాలి. ఎవరున్నారో, ఎవరు వెళ్లారో లెక్కపెట్టే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉండే లినక్స్‌లో ఈ లెక్కలు చూసుకునే ఉమ్మడి ఏర్పాటుని రఫాయెల్ వైసోట్స్‌కీ 2011లో రాశాడు.

లెక్క పెట్టేవాడు దొరికాడు సరే. అతని ముందు పరచాల్సిన బొమ్మ ఏది?

చిప్పుల వంశవృక్షం

కంప్యూటర్లో తగిలించిన పరికరం చాలాసార్లు తానెవరో తానే చెప్పుకుంటుంది. యూఎస్‌బీ పుల్ల గుచ్చగానే గుర్తుపట్టేది అందుకే. ఫోనూ, టీవీ డబ్బా, కారులోని కంప్యూటర్‌లాంటి వాటి చిప్పుల్లో ఉండే భాగాలకి నోరు లేదు. ఫలానా చిరునామాలో కెమెరా ఉందని ఎవరో ఒకరు ముందే రాసిపెట్టాలి. చాలాకాలం ఆ రాత లినక్స్ ప్రోగ్రాములోనే, ఒక్కో బోర్డుకి ఒక్కో ఫైలుగా ఉండేది. కొత్త ఫోను వస్తే కొత్త ఫైలు. బోర్డులు వందలయ్యాయి, ఫైళ్లు గుట్టలయ్యాయి. చివరికి లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కి 2011 మార్చిలో ఓపిక నశించింది. ఏఆర్ఎమ్ చిప్పుల వాళ్ల ఈ గందరగోళం ఇక భరించలేనని గట్టిగానే చెప్పాడు.

మందు అప్పటికే ఉంది. పరికరాల వివరాల్ని చెట్టులా అమర్చే పద్ధతిని సన్ కంపెనీ కంప్యూటర్ల కోసం మొదలుపెట్టారు. అది 1994లో ప్రమాణమైంది. 2005లో పవర్‌పీసీ యంత్రాల కోసం దాన్ని లినక్స్‌కి సరిపోయేలా పొందికగా మార్చారు. ఆ ‘డివైస్ ట్రీ’నే ఏఆర్ఎమ్ వాళ్లూ తెచ్చుకున్నారు. పేరుకి తగ్గట్టే అది వంశవృక్షం. మొదట్లో యంత్రం, దాని కింద కొమ్మలు, ఒక్కో కొమ్మ ఒక్కో భాగం. మామూలు అక్షరాలతో, ఎవరైనా తెరిచి చదువుకునేలా రాసే ఫైలు. దాన్ని కుదించి ఫోన్లో పెడతారు. ఫోను వెలిగించగానే మొదట లేచే చిన్న ప్రోగ్రాము ఆ వంశవృక్షాన్ని లినక్స్ చేతికి అందిస్తుంది. ‘ఇదిగో నాయనా, ఇల్లు ఇలా ఉంది, చూసుకో’ అన్నట్టు!

2014 చివరికి వచ్చిన లినక్స్‌లో ఈ చెట్టులో కరెంటు గదుల్ని రాసే ఉమ్మడి పద్ధతి కుదిరింది. చాలా తేలికైనది. స్విచ్చుల పెట్టెకి ఒక కొమ్మ. ‘నా దగ్గర ఇన్ని గదులున్నాయి, ఒక్కోదాన్ని ఈ నంబరుతో అడగండి’ అని అది చెబుతుంది. కెమెరా కొమ్మలో ఒక్క వరస: ‘నాది ఆ పెట్టెలో మూడో నంబరు’. అంతే. స్విచ్చు తన కింద ఎవరున్నారో రాయదు, పరికరమే తాను ఎవరి కింద ఉందో రాసుకుంటుంది. గదిలో గది ఉంటే లోపలి గది కొమ్మలోనూ అలాంటి వరసే రాయాలి... ‘నేను ఫలానా పెద్ద గది లోపల ఉన్నాను’ అని. కొన్ని పరికరాలకి రెండు గదుల కరెంటూ కావాలి. అలాంటివాటిని సరిగ్గా చూసుకునే వీలు లినక్స్‌కి 2018లో వచ్చింది.

మరి బిట్రగుంట షెడ్డు లెక్క? అదీ ఈ చెట్టులో ఉంది! ఒక గదిని ఎంత లోతుగా నిద్రపుచ్చవచ్చో మెట్లుగా రాస్తారు. పైపైన కునుకు ఒక మెట్టు, పూర్తిగా ఆర్పడం ఇంకో మెట్టు. ప్రతి మెట్టుకీ మూడు అంకెలు. నిద్రలోకి జారడానికి ఎంతసేపు, లేవడానికి ఎంతసేపు, కనీసం ఎంతసేపు పడుకుంటే గిట్టుబాటు. షెడ్డులో గంటల్లో వేసిన లెక్క ఇక్కడ సెకనులో పది లక్షలో వంతుల్లో. ఆదా కన్నా రాజెయ్యడం ఖర్చే ఎక్కువైతే లినక్స్ కూడా ఆ గదిని నివురుగప్పి ఉంచుతుందే కానీ ఆర్పదు.

రాయని గది

ఇంత తేలికైన రాతలో తప్పు పోతే ఏమవుతుంది?

ఒక వరస మరిచిపోయారనుకుందాం. కెమెరా పక్కనున్న ఏదో చిన్న భాగం మూడో గదిలోనే ఉంది కానీ ఆ మాట చెట్టులో రాయలేదు. ఫోను లేచేటప్పుడు ముందు ప్రోగ్రాము కొన్ని గదుల్ని వెలిగించే ఉంచుతుంది. లినక్స్ అంతా సర్దుకున్నాక ఒకసారి చుట్టూ చూసి, ఎవరూ తమదని చెప్పుకోని గదులన్నిటికీ దీపాలార్పేస్తుంది. పొదుపరి ఇల్లాలు చేసే పనే. ఆ చీకటి గదిలో మన చిన్న భాగం ఉంది. కాసేపటికి ప్రాసెసర్ దాన్నేదో అడుగుతుంది. జవాబు రాదు. చాలా చిప్పుల్లో ప్రాసెసర్ ఆ జవాబు కోసం అలా నిలబడిపోతుంది. తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది, ఏది నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఎందుకు ఆగిందో చెప్పాల్సిన ప్రాసెసరే ఆగిపోయింది కాబట్టి ఆచూకీ కూడా దొరకదు. ఇలాంటి వేటలో ఇంజినీర్లు మొదట చేసే పని, వాడని గదుల్ని ఆర్పొద్దని లినక్స్‌కి చెప్పి చూడటం. దానికోసమే ఒక ఆదేశం ఉంది. అప్పుడు ఫోను మామూలుగా లేచిందా... దొంగ ఎక్కడో చీకటి గదిలోనే ఉన్నాడన్నమాట.

రెండో రకం తప్పు ఇంకా నంగనాచి. ఆరడానికి వీలున్న గదిని ఎప్పుడూ వెలిగే ఉండాలని రాసేస్తే అంతా చక్కగా పనిచేస్తుంది. ఏదీ ఆగదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. రాత్రి పడుకునేముందు సగానికి పైగా ఉన్న చార్జింగ్ తెల్లారేసరికి సగం కిందకి దిగుతుందంతే. కొన్నవాళ్లు ‘ఈ కంపెనీ బ్యాటరీ మంచిది కాదు’ అనుకుంటారు.

నంబర్లు మార్చడం మూడో తప్పు. ఒకసారి మూడో నంబరు కెమెరా గది అని చెట్టులో రాసి లక్షల ఫోన్లు అమ్మాక, కొత్త లినక్స్‌లో అదే నంబరుని ఇంకో గదికి ఇవ్వకూడదు. పాత చెట్టూ కొత్త లినక్సూ కలిసిన ఫోన్లో కెమెరా అడిగితే ఇంకేదో గది వెలుగుతుంది. అందుకని వాడటం మానేసిన నంబర్లని కూడా ఖాళీగా వదిలేయడమే పద్ధతి.

2019 ప్రాంతం నుంచి ఈ చెట్లని తనిఖీ చేసే నియమాల్ని లినక్స్‌లో ఒక్కొక్కటిగా చేరుస్తున్నారు. నంబరు ఉండాల్సినచోట నంబరు ఉందా, తప్పనిసరి వరస మరిచారా అన్నది ప్రోగ్రామే చూసి తప్పు పడుతుంది. మంచిదే. కాకపోతే అది చూసేది రాత తీరుని. కెమెరా నిజంగా మూడో గదిలో ఉందా అన్నది చిప్పు గీసినవాళ్లకే తెలుసు. వాళ్ల పుస్తకాలు చాలావరకూ బయటివాళ్లకి ఇవ్వరు. ఇచ్చినవాటిలోనూ ఒక్కోసారి ఒక గది ప్రస్తావనే ఉండదు. అప్పుడు మన ఇంట్లో ఎంసీబీల పద్ధతే గతి... ఒక్కొక్కటీ ఆపి చూడటం, ఏది చచ్చిందో రాసుకోవడం.

హైదరాబాదు, బెంగళూరు చిప్పు కంపెనీల్లో ఇలాంటి కొమ్మలు రాసే తెలుగు ఇంజినీర్లు బోలెడుమంది. ఈ పద్ధతి విదేశీ చిప్పులకే పరిమితం కూడా కాదు. ఐఐటీ మద్రాసు తయారుచేసిన శక్తి ప్రాసెసర్ మీద 2018లో లినక్స్ లేచింది. ఆ ప్రాసెసర్ రిస్క్-ఫైవ్ జాతిది. ఈ జాతి యంత్రాల్లోనూ లినక్స్ సాధారణంగా ముందు అడిగేది డివైస్ ట్రీనే.

మళ్లీ పట్టాల మీదకి వస్తే, ఇటీవలి సంవత్సరాల్లో విజయవాడ–గూడూరు దారిలో మూడో లైను పనులు సాగాయి. కొత్త పట్టాలంటే కొత్త స్తంభాలు, కొత్త తీగ, కొత్త ఐసోలేటర్లు. పాత సెక్షనింగ్ బొమ్మ ఇక పనికిరాదు. కొత్త ముక్కలకి కొత్త నంబర్లు వెయ్యాలి, బొమ్మ తిరగరాయాలి, ప్రతి ఐసోలేటరూ బొమ్మలో చూపినచోటే ఉందో లేదో సిబ్బంది నడిచి చూడాలి. ఆ తర్వాతే తీగలోకి కరెంటు వదులుతారు. దానికి ముందు రైల్వేలు పత్రికల్లో ఒక ప్రకటన ఇస్తాయి. ఫలానా తేదీ నుంచి ఫలానా స్టేషన్ల మధ్య తీగల్లో 25 వేల వోల్టుల విద్యుత్తు ఉంటుందనీ, దాని దగ్గరికి రావద్దనీ, గేట్ల దగ్గర ఎత్తుకి మించి సరుకు వేసుకున్న బళ్లు దాటవద్దనీ అందులో ఉంటుంది. టెండరు నోటీసుల పక్కన, చిన్న అక్షరాల్లో.